మెట్లెక్కితే మా ఇల్లు: సుల్తాన్ బజార్‌లో కాపురం

అందరికీ నమస్కారం.

ముప్పై రెండేళ్ళు తెలుగు టీచరుగా చేశాను కాబట్టి మైకు ముందు నిలబడటం నాకు అలవాటే. కానీ ఇన్నేళ్ళలో పోతన గురించో వేమన గురించో మాట్లాడమన్నారు తప్ప, నేనుండే వీధి గురించి మాట్లాడమని ఎవరూ అడగలేదు. మీరు ఫోన్ చేసిన రోజు నుంచీ ఎక్కడ మొదలుపెట్టాలా అని ఒకటే ఆలోచన. చివరికి మా మెట్ల దగ్గర మొదలుపెడదామనుకున్నాను.

హైదరాబాదు సుల్తాన్ బజార్ మెయిన్ రోడ్డు మీంచి మా గల్లీలోకి తిరిగితే ఒక మ్యాచింగ్ సెంటర్, దాని పక్కన నైటీల షాపు. ఆ రెంటి మధ్యలో రెండున్నర అడుగుల వెడల్పు తలుపు ఒకటుంది. పొద్దున పదిన్నర దాటాక వచ్చినవాళ్ళకి అది కనబడదు. రెండు వైపుల నుంచీ హ్యాంగర్లకి నైటీలు, లంగాలు వేలాడుతుంటాయి. వాటిని చేత్తో జరిపి, తల కొంచెం వంచి లోపలికొస్తే ఇరవై రెండు రాతిమెట్లు. అవి ఎక్కితే మా ఇల్లు. మా తాతగారి కాలం నుంచీ అక్కడే. నేను పుట్టింది కూడా నాలుగడుగుల దూరంలో, ఇక్కడి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలోనే.

"ఎక్కడుంటారండీ" అని ఎవరైనా అడిగితే సుల్తాన్ బజార్ అంటాను. వెంటనే వచ్చే మాట "అక్కడ ఇళ్ళు కూడా ఉన్నాయా?" అని. మా అమ్మాయి పెళ్ళిచూపులప్పుడు వియ్యపురాలు అడిగింది. బ్యాంకులో కాగితాలు తీసుకునే అబ్బాయి అడిగాడు, పైగా షాపు అడ్రసు కాదు, ఇంటి అడ్రసు రాయండి మేడమ్ అన్నాడు. ఓటర్ల లిస్టు సరిచూడటానికి వచ్చినాయన మా తలుపు కింద నిలబడి, పైకి చూసి, ఇదంతా గోడౌనే అనుకుని వెళ్ళిపోయాడు, ఆ ఏడు నేను ఫారం మళ్ళీ నింపుకోవాల్సి వచ్చింది.

నేను ఇవాళ చెప్పదలుచుకున్నది దాదాపు ఇదే. మా వీధి గురించి ఆలోచించే ప్రతి ఒక్కరూ షాపులు లెక్కపెడతారు, బండ్లు లెక్కపెడతారు, పార్కింగ్ లెక్కపెడతారు. పై అంతస్తుల్లో రాత్రి లైటు వెలిగే కిటికీలని మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. నా చిన్నప్పుడు మా గల్లీలో పైన పంతొమ్మిది కుటుంబాలుండేవి, మా అన్నయ్యా నేనూ దీపావళికి ప్రతి ఇంటికీ మిఠాయి పళ్ళెం పట్టుకెళ్ళేవాళ్ళం కాబట్టి ఆ అంకె నాకు బాగా గుర్తు. ఇప్పుడు నాలుగు. మిగతావన్నీ స్టాకు గదులు, టైలర్ల గదులు, పనిచేసే కుర్రాళ్ళు పడుకునే గదులు.

సరే, ముందు రోజు ఎలా గడుస్తుందో చెప్తాను, ఎందుకంటే మీలో చాలామంది ఈ వీధిని సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది మధ్యలో మాత్రమే చూసుంటారు.

తెల్లవారుజామున ఐదున్నరకి మా వీధి ఎంత వెడల్పుగా ఉంటుందో తెలుసా? ఒక కారు, పక్కన ఇంకో కారు ఇబ్బంది లేకుండా పోవచ్చు. ఊడ్చేవాళ్ళు వస్తారు. వాళ్ళ చీపుర్ల కింద ముందు రోజు రాత్రి పడ్డ బట్ట ముక్కలు, గుండుసూదులు, చిల్లర, లేబుళ్ళు, పాలిథిన్ కవర్లు ఒక్కచోట కుప్ప పడతాయి. మా అమ్మ ఆ బట్ట ముక్కల్లో బాగున్నవి ఏరుకొచ్చి బొంతలు కుట్టేది. మా ఇంట్లో ఇప్పటికీ ఒక బొంత ఉంది, దాంట్లో 1978 ప్రాంతంలో సుల్తాన్ బజార్‌లో అమ్మిన జాకెట్టు గుడ్డల రంగులన్నీ ఉన్నాయి. ఆ తర్వాత పాలవాడు, ఆరు దాటాక మెట్రో మొదటి రైలు. పదిన్నరకి షట్టర్లు లేస్తాయి, ఒకదాని తర్వాత ఒకటి, ఆ చప్పుడు మా ఇంట్లో గడియారం కింద లెక్క. అగరుబత్తీల పొగ మెట్ల మీంచి పైకి వస్తుంది. ఇక అప్పట్నుంచి బోణీ బేరాలు.

మా కింది మ్యాచింగ్ సెంటర్ గురించి కాస్త చెప్పాలి. సేఠ్ గారి తండ్రి నాటి షాపు అది. గోడల నిండా కింద నుంచి సీలింగు దాకా గుడ్డ చుట్టలు, ఒక్కొక్కటి ఒక్కో రంగు. ఎవరో ఒకావిడ చీర పట్టుకుని వస్తుంది, ఇరవై ఏళ్ళ కుర్రాడు ఆ చీర అంచు మడత ఒకసారి చూస్తాడు, అంతే, వెనక్కి తిరిగి, నిచ్చెన మీద రెండు మెట్లెక్కి, ఒక చుట్ట లాగుతాడు. నెమలికంఠంలో నాలుగు రకాలుంటాయి, చిలకపచ్చ వేరు, రామా గ్రీన్ వేరు, సీసా పచ్చ వేరు. అతను బిహార్ నుంచి వచ్చాడు, వచ్చినప్పుడు తెలుగులో ఒక్క ముక్క తెలీదు, ఆరు నెలల్లో "అమ్మా, లైటు కింద చూడొద్దు, బయటికి తీసుకెళ్ళి ఎండలో చూడండి, రంగు మారితే తిరిగి తెచ్చేయండి" అనడం నేర్చుకున్నాడు. ఎండలో చూడమనడంలో ఎంత నిజాయితీ ఉందో ఆలోచించండి. ఎండ పడేది మా బాల్కనీ నీడ దాటాక, షాపు ముందు రెండడుగుల చోట మాత్రమే. శ్రావణమాసంలో, పెళ్ళి ముహూర్తాల్లో ఆ రెండడుగుల చోట పది మంది ఆడవాళ్ళు పది చీరల అంచులు ఎండకి పట్టుకుని నిలబడతారు. పై నుంచి చూస్తే ఎంత అందంగా ఉంటుందో నేను మాటల్లో చెప్పలేను.

ఇక చరిత్ర. టీచర్ని కదా, చెప్పకుండా ఉండలేను.

1933కి ముందు ఈ బజారుకి ఈ పేరు లేదు. రెసిడెన్సీ బజార్ అనేవాళ్ళు. ఇవాళ మనం కోఠి అంటున్నామే, ఆ కోఠి అంటే బ్రిటిష్ రెసిడెంటు, అంటే నిజాం దగ్గర బ్రిటిష్ వాళ్ళ ప్రతినిధి, ఉండే బంగళా. కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు కాలంలో, 1800ల మొదట్లో కట్టారు. ఎత్తైన స్తంభాలు, ముందు రెండు సింహాలు. స్వాతంత్ర్యం తర్వాత అందులోనే మహిళా కళాశాల నడిచింది, ఇప్పుడు చాకలి ఐలమ్మ గారి పేరుతో విశ్వవిద్యాలయం అయింది. నేను బీఏ చదివింది ఆ మేడలోనే. ఆ బంగళా చుట్టూ పెరిగిన బజారు నిజాం ఊళ్ళో ఉన్నా, పెత్తనం మాత్రం రెసిడెంటుది. అందుకే షాహుకార్లు, వడ్డీ వ్యాపారులు, మార్వాడీలు, గుజరాతీలు ఇక్కడ చేరారు. నిజాం దర్బారు పెద్దలు ఎప్పుడు వచ్చి ఏం అడుగుతారో అన్న భయం ఇక్కడ తక్కువ. ఆ తర్వాత మరాఠీ వాళ్ళు, కన్నడ వాళ్ళు, మా తాతగారి లాంటి తెలుగు గుమాస్తాలు వచ్చారు. 1933లో బజారు తిరిగి నిజాం చేతికి వచ్చాక సుల్తాన్ బజార్ అయింది.

1857 తిరుగుబాటు గురించి చెప్పేటప్పుడు నేను పిల్లలకి ఒక విషయం తప్పకుండా చెప్పేదాన్ని. ఆ ఏడాది జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నడిపించిన జనం రెసిడెన్సీ మీదికి వచ్చినప్పుడు, పుత్లీబౌలీ వైపు గోడకి ఎదురుగా ఉన్న రెండు ఇళ్ళు ఎక్కి అక్కణ్ణించి కాల్పులు జరిపారు. ఒక ఇల్లు అబ్బన్ సాహెబ్‌ది, ఇంకోటి జయగోపాల్ దాస్‌ది. ఆ పేర్లు ఎందుకు చెప్పేదాన్నంటే, అవి కోటలు కాదు, బురుజులు కాదు, బజారులో మనుషులు కాపురం ఉన్న మేడలు. అంత పెద్ద ఘటనలో కూడా వీధిలో ఎవరిల్లు ఎక్కడుందో రాసి పెట్టుకున్నారు. తుర్రేబాజ్ ఖాన్ స్మారకం కోఠి బస్టాపు దగ్గర ఉంది, ఎప్పుడైనా బస్సు కోసం నిలబడితే వెనక్కి తిరిగి చూడండి.

రెసిడెన్సీ బజారు అవడం వల్లే ఇంకో మేలు జరిగింది. నిజాం రాజ్యంలో సభలకీ సంఘాలకీ ఉన్న ఆంక్షలు ఇక్కడ అంతగా పనిచేసేవి కావు. 1892లో ఆర్య సమాజం ఇక్కడ మొదలైంది. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టారు, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు వెన్నుదన్నుగా నిలబడ్డారు. మళ్ళీ చూడండి, "ఇంట్లో" అన్నాను. తెలుగువాళ్ళకి హైదరాబాదులో మొదటి గ్రంథాలయం ఒక ఇంట్లో పుట్టింది. ఇరవై ఏళ్ళ తర్వాత, 1921 నవంబరులో, ఇక్కడికి నడిచిపోయేంత దూరంలో ఉన్న వివేకవర్ధినిలో ఒక సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే కొందరు గేలి చేసి మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రే మాడపాటి హనుమంతరావు గారు, మరికొందరు పెద్దలు ఒక ఇంట్లో కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం నుంచి ఎంత కథ నడిచిందో మీకు తెలుసు.

మా నాన్న భాషానిలయం సభ్యుడు. ఆదివారం నన్ను వేలు పట్టుకుని తీసుకెళ్ళేవాడు. అక్కడ చదివిన పుస్తకాల వల్లే నేను తెలుగు టీచర్నయ్యాను, వేరే కారణమేదీ లేదు. ఇంటి నుంచి గ్రంథాలయానికి నడిచి ఐదు నిమిషాలు, కాలేజీకి పది, ఆసుపత్రికి మూడు, కూరగాయలకి రెండు. ఊరికి దూరంగా విల్లాలు కొనుక్కున్న మా చుట్టాలు ఇవాళ కరివేపాకు కోసం కారు తీస్తున్నారు. నేను వాళ్ళని తప్పుపట్టడం లేదు, కానీ "ఆ ఇరుకులో ఎలా ఉంటున్నావమ్మా" అని జాలి పడినప్పుడు మాత్రం నాకు బాధేస్తుంది.

ఇరుకు ఉంది, కాదనను. చప్పుడు ఉంది. శ్రీరామనవమి శోభాయాత్ర సీతారాంబాగ్ నుంచి బయల్దేరి హనుమాన్ వ్యాయామశాల దగ్గర ముగుస్తుంది, అంటే మా పక్కనే, కాబట్టి ఆ రోజు రాత్రి ఇంట్లో పసిపిల్లలున్నవాళ్ళు చుట్టాలింటికి వెళ్ళాల్సిందే. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు. షాపుల ఏసీ డబ్బాలన్నీ వెనక సందులోకి వేడి ఊదుతాయి, మే నెలలో మా వంటింటి గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఇవన్నీ భరించగలం, భరిస్తున్నాం.

మెట్రో సంగతి వేరు. వ్యాపారులు ఏళ్ళ తరబడి వద్దన్నారు, బంద్‌లు చేశారు, రూటు మారుస్తారన్నారు, మార్చరన్నారు. ఆ అనుమానంలో ఎవరూ గోడకి సున్నం కూడా వేయించుకోలేదు, ఎందుకంటే ఉంటుందో పోతుందో తెలియని ఇంటికి ఖర్చు ఎవరు పెడతారు? చివరికి పని మొదలైంది. మా గల్లీ మొదట్లో మెయిన్ రోడ్డు మీద ఒక మామ్మగారి ఇల్లు ఉండేది, మరాఠీ వాళ్ళు. ముందు భాగం రోడ్డు వెడల్పులో పోయింది. యంత్రం వచ్చి కొట్టేశాక మిగిలిన గోడని నేను మా బాల్కనీలోంచి చాలా రోజులు చూశాను. పైన, గాలిలో, వంటింటి గూడు. గూడు అంచున పసుపు, దాని మీద వరసగా కుంకుమ బొట్లు. పక్కన క్యాలెండర్ మేకు, మేకు చుట్టూ గోడ మీద క్యాలెండర్ సైజులో తెల్లటి మచ్చ. కింద నేల లేదు. ఆవిడ ఎన్ని పండగలకి ఆ గూట్లో దీపం పెట్టిందో. మొదటి వాన వచ్చినప్పుడు బొట్లు కారిపోయాయి, పసుపు మాత్రం ఇంకా కొన్నాళ్ళు ఉంది. ఆ కుటుంబం ఉప్పల్ వైపు వెళ్ళిపోయింది. షాపు యజమానికి ఎంత నష్టపరిహారం, స్థల యజమానికి ఎంత అని అందరూ మాట్లాడుకున్నారు. అద్దెకున్న మామ్మగారికి తన పక్కింటివాళ్ళు, తన మందుల షాపు, తన గుడి పోయాయి, దానికి ఏ కాగితంలోనూ గడి లేదు.

2020 ఫిబ్రవరి 7న జేబీఎస్, అంటే జూబ్లీ బస్ స్టేషన్ నుంచి, ఎంజీబీఎస్, అంటే మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా పదకొండు కిలోమీటర్ల మెట్రో లైను మొదలైంది. ఇప్పుడు నేను ఆ మెట్రో ఎక్కుతాను. మా అమ్మాయి కూకట్‌పల్లిలో ఉంటుంది, ఎంజీబీఎస్‌లో మారితే తర్వాతి స్టేషనే మాది, మనవడు కిటికీలోంచి మా బాల్కనీ కనబడుతుందేమోనని మెడ చాచి చూస్తాడట. మంచి జరిగింది, ఒప్పుకుంటాను. నా మనవణ్ణి నా దగ్గరికి తెచ్చే రైలు ఒక మామ్మగారిని నాకు దూరం చేసింది, రెండూ నిజమే, ఒకదాన్ని చెప్పి రెండోది దాచడం నాకు చేతకాదు.

2007 ఆగస్టు 25 గురించి చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. శనివారం. రాత్రి ఎనిమిది కావస్తోంది, నేను చపాతీలు చేస్తున్నాను. గిన్నెల స్టాండులో పళ్ళేలన్నీ ఒక్కసారి ఖంగుమన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ అనుకున్నాం. తర్వాత కేకలు. కోఠిలో గోకుల్ చాట్ అనే చాట్ దుకాణం దగ్గర బాంబు. అంతకుముందే లుంబినీ పార్కులో పేలింది, రెండు చోట్లా కలిపి నలభై మందికి పైగా పోయారు. ఆ రాత్రి షట్టర్లన్నీ రెండు నిమిషాల్లో పడిపోయాయి. వీధి నిండా షాపింగుకి వచ్చిన ఆడవాళ్ళు, చేతుల్లో కవర్లు, చంకలో పిల్లలు, ఎటు పోవాలో తెలీదు. అప్పుడు పైన ఇళ్ళున్నవాళ్ళం తలుపులు తీశాం. మా ముందు గదిలో పదకొండు మంది కూర్చున్నారు. ఒకావిడ నల్గొండ నుంచి చెల్లెలి పెళ్ళికి చీరలు కొనడానికొచ్చింది. ఇంకో ఇద్దరు పాతబస్తీ అమ్మాయిలు, బురఖాల్లో, ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు, మంచినీళ్ళిస్తే గ్లాసు కూడా కలిపే పట్టుకున్నారు. మా ల్యాండ్‌లైన్ నుంచి అందరూ ఇళ్ళకి ఫోన్లు చేసుకున్నారు, సెల్‌ఫోన్లు కలవడం లేదు. పదకొండు దాటాక మా ఆయన, సేఠ్ గారు వాళ్ళని ఆటోలు ఎక్కించి వచ్చారు. ఆ రాత్రి మా గల్లీ అంతా స్టాకు గదులే అయ్యుంటే ఆ పదకొండు మంది ఎక్కడ కూర్చునేవాళ్ళు? ఇది నేను అడగడం కాదు, మీరు నిజంగా ఆలోచించమని చెప్తున్నాను.

ఇప్పుడు మా ఆయన సంగతి. 2018 నవంబరు, పెళ్ళిళ్ళ సీజను, సాయంత్రం ఏడు. గుండెలో మంట అన్నారు, చెమటలు పట్టేశాయి. అంబులెన్సు పన్నెండు నిమిషాల్లో వచ్చింది, చాలా త్వరగా వచ్చినట్టే, కానీ మెయిన్ రోడ్డు మీద ఆగిపోయింది. అక్కణ్ణించి మా తలుపు దాకా నూటయాభై గజాలు, ఆ నూటయాభై గజాల్లో రెండు వరసల బండ్లు, మధ్యలో జనం, నిలిపిన స్కూటర్లు. స్ట్రెచర్ కూడా తిరగదు. నేను బాల్కనీలోంచి ఏమని అరిచానో నాకు గుర్తులేదు. మ్యాచింగ్ సెంటర్ కుర్రాళ్ళు నలుగురు పైకి పరిగెత్తుకొచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చీరతో కట్టి, ఇరవై రెండు మెట్లు దించారు. కింద నైటీల షాపతను హ్యాంగర్లన్నీ స్టాండుతో సహా లాగి రోడ్డు మీద పడేశాడు, ఎన్ని వందల రూపాయల సరుకు తొక్కుడు పడిందో ఇప్పటికీ చెప్పడు. బేళ్ళు లాక్కెళ్ళే నాలుగు చక్రాల బండి ఒకటి తెచ్చి, దాని మీద పడుకోబెట్టి, "హటో హటో, జరగండమ్మా" అంటూ తోసుకుంటూ పోయారు. గాజుల బండి అక్క తన బండినే ఎదురు షాపు మెట్ల మీదికి ఎత్తించేసింది, గాజులు ఎన్ని పగిలాయో ఆవిడా చెప్పదు. ఇంకో ఇరవై నిమిషాలు ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు గారన్నారు. ఆయన ఆ తర్వాత నాలుగేళ్ళు నాతో ఉన్నారు. ఆ నాలుగేళ్ళు నాకు ఈ వీధి ఇచ్చింది.

దారి అడ్డుపెట్టిందీ ఈ వీధే, దారి ఇచ్చిందీ ఈ వీధే. అందుకే ఎవరైనా వచ్చి "బండ్లన్నీ తీసేయిస్తే మీకు హాయి కదా టీచరమ్మా" అంటే నేను సంతకం పెట్టను. రెండుసార్లు పిటిషన్ పట్టుకుని వచ్చారు, రెండుసార్లూ పెట్టలేదు. వీధి వ్యాపారుల కోసం 2014లో కేంద్ర చట్టం వచ్చింది. ప్రతి పట్టణంలో కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళల్లో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి అని ఆ చట్టంలోనే ఉంది. నేను చదివాను, గాజుల బండి అక్కకి చదివి వినిపించాను. నాకు కావాల్సింది బండ్లు పోవడం కాదు. గల్లీకి ఒక పక్క, ఒక స్ట్రెచర్ పట్టేంత, ఆరడుగుల చోటు, రోడ్డు మీద పసుపు గీత గీసి వదలడం. అంతే. సేఠ్ గారు సరేనన్నారు, బండ్లవాళ్ళు సరేనన్నారు, మేమే ఒకసారి సొంతంగా పెయింటు డబ్బా తెచ్చి గీశాం, రెండు సీజన్లు నిలబడింది, తర్వాత కేబుళ్ళ కోసం రోడ్డు తవ్వారు, గీత పోయింది. మళ్ళీ గీస్తాం. బట్టల గోడౌన్లు నిండిన గల్లీ ఇది, ఒక్క నిప్పురవ్వ చాలు, ఫైరింజను పైపు లాగడానికైనా ఆ ఆరడుగులు కావాలి. ఈ విషయం పగలు వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవాళ్ళకంటే రాత్రి ఇక్కడ పడుకునేవాళ్ళకి ఎక్కువ గుర్తుంటుంది, అది సహజం.

లాక్‌డౌన్‌లో ఏమైందో కూడా ఒక్క మాట చెప్తాను. 2020 మార్చి ఆఖర్లో వీధి మొత్తం ఖాళీ. మొదటి రోజు నాకు చాలా హాయిగా అనిపించింది, అబద్ధం చెప్పను. నాలుగో రోజుకి భయమేసింది. పావురాల రెక్కల చప్పుడు వినబడుతోంది. మా నాలుగు కుటుంబాలు, షాపుల వెనక గదుల్లో చిక్కుకుపోయిన కుర్రాళ్ళు ముప్పై మంది దాకా, అంతే. రేషన్ బియ్యం మా ఇంట్లో పోసి, నాలుగిళ్ళ వాళ్ళం వంతులేసుకుని వండాం. ఆ మ్యాచింగ్ కుర్రాడు మా వంటింట్లో కూర్చుని బంగాళాదుంపలు తరుగుతూ నా దగ్గర అ ఆలు నేర్చుకున్నాడు. ఇప్పుడు షాపు బోర్డు మీద ఏ కొత్త సరుకు పేరైనా తెలుగులో అతనే రాస్తాడు. ఒత్తులు కొంచెం తప్పుతాయి, నేను వెళ్ళి దిద్దుతాను.

చివరిగా ఒక విషయం ఉంది, ఇది మగవాళ్ళ ముందు చెప్పడానికి మా తరం ఆడవాళ్ళం మొహమాటపడతాం, కానీ ఇంకా మొహమాటపడి లాభం లేదు. మా వీధికి వచ్చేవాళ్ళల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు. అమ్మే బండ్ల మీద కూడా చాలామంది ఆడవాళ్ళే. పొద్దున తొమ్మిదింటికి వచ్చి రాత్రి పది దాకా ఉంటారు. వాళ్ళు మరుగుకి ఎక్కడికి వెళ్ళాలి? ఎక్కడికీ వెళ్ళరు. పొద్దుట్నుంచీ నీళ్ళు తాగరు. మే నెల ఎండలో, రోడ్డు మీద, నీళ్ళు తాగకుండా పదమూడు గంటలు. ఆ తర్వాత మూత్రంలో మంట, జ్వరం, మందుల ఖర్చు. వాళ్ళందరికీ ఇది జబ్బులా కాదు, పనిలో భాగంలా అలవాటైపోయింది. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

మా మెట్ల మలుపులో పాతకాలపు మరుగుదొడ్డి ఒకటుంది. 1970ల్లోనే మా అమ్మ దాన్ని బండ్ల ఆడవాళ్ళకి వదిలేసింది. ఎవరో పూలమ్మే ఆవిడ నిండు నెలలతో ఉండగా అడిగిందట, అప్పట్నుంచి. తాళంచెవికి ఎర్ర రిబ్బను కట్టి, తలుపు వెనక మేకుకి తగిలించింది. ఆ రిబ్బను ఇప్పటికి ఎన్నిసార్లు మార్చామో. ఇప్పుడు తొమ్మిది మంది వాడుకుంటారు. "టీచరమ్మా, జర పైకి పోయొస్త" అని కింద నుంచి కేకేస్తారు, కేకేయక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పినా వేస్తారు. వాళ్ళే ఊడ్చుకుంటారు, నల్లా రాని రోజు ఒక్కొక్కరు ఒక్కో బకెట్ నీళ్ళు కింద నుంచి మోసుకొస్తారు. గర్భిణీలు, షుగరున్న పెద్దావిడలు, షాపింగుకి వచ్చి అవస్థ పడుతున్నవాళ్ళని కూడా పిన్నులమ్మే అమ్మాయి గుర్తుపట్టి పైకి పంపుతుంది.

ఒక ఇంటి మెట్ల కింద తలుపు మీద ఇంత పెద్ద బజారులో ఆడవాళ్ళు ఆధారపడటం సరికాదు. మా ఇల్లు కొనడానికి ఇద్దరు తిరుగుతున్నారు, మంచి ధరే చెప్తున్నారు, మా అమ్మాయి కూడా "అమ్మా, నా దగ్గరికి వచ్చెయ్" అంటోంది, నాకు అరవై ఎనిమిది, మెట్లెక్కడం ఏడాదికేడాది కష్టమవుతోంది. నేను అమ్మేస్తే ఆ మలుపులోకి కూడా నైటీల బేళ్ళు వస్తాయి, అది తప్పు కాదు, వ్యాపారం అంతే. కాబట్టి నేను ఉండగానే గల్లీ మొదట్లో ఆడవాళ్ళకి ఒక మంచి మరుగుదొడ్డి, నీళ్ళతో, లైటుతో, రాత్రి పదిన్నర దాకా తెరిచి ఉండేది, రావాలి. అర్జీ రాశాను. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని బండ్లవాళ్ళందరూ నన్నే రాయమన్నారు. కాపీలు బయట టేబుల్ మీద పెట్టాను, వెళ్ళేటప్పుడు సంతకం పెట్టండి, మీరు సుల్తాన్ బజార్‌లో ఉండకపోయినా పర్వాలేదు, ఒక్కసారైనా అక్కడ జాకెట్టు గుడ్డ కొనుంటే చాలు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగమంటున్నారు, కానీ నన్ను క్షమించాలి. తొమ్మిదిన్నర అవుతోంది. గాజుల బండి అక్క పది దాకా ఉంటుంది, ఇవాళ హడావిడిలో తలుపుకి తాళం వేసి ఎర్ర రిబ్బను తాళంచెవి కూడా బ్యాగులో వేసుకొచ్చేశాను, ఇందాక కళ్ళద్దాలు తీస్తుంటే చేతికి తగిలింది. నేను బయల్దేరతాను.